లూసీ పోగొట్టుకున్న కకారం

సిసిలీ దీవిలో సిరక్యూస్ నగరం కింద పాతకాలపు భూగర్భ సమాధులున్నాయి. 1894లో అక్కడ ఒక రాతి ఫలకం దొరికింది. ఎవుస్కియా అనే ఇల్లాలు చనిపోతే ఆమె భర్త గ్రీకులో చెక్కించినది, సుమారు 1600 ఏళ్ల నాటిది. తన భార్య లూకియా పండుగనాడు కన్నుమూసిందని అందులో రాయించాడు. లూకియా అనే ఉంది, లూసియా అని కాదు. మన క్రైస్తవ కుటుంబాల్లో వినిపించే లూసీ ఈ లూకియానే. మరి ఆ క ఎటు పోయినట్టు?

లాటిన్‌లో వెలుగును లుక్స్ అంటారు. దాన్నుంచే మగపిల్లలకు లూకియుస్, ఆడపిల్లలకు లూకియా వచ్చాయి. తెల్లవారుతూ ఉండగా పుట్టినవాడు లూకియుస్ అని వర్రో అనే రోమన్ పండితుడు చెప్పాడు. నిజానికి రోమ్‌లో ఆడపిల్లలకు విడిగా పేరు పెట్టడమే తక్కువ. జూలియుస్ వంశంలో ముగ్గురు అక్కచెల్లెళ్లుంటే ముగ్గురూ జూలియాలే! లూకియా పేరు ఊరూరా పాకింది ఆ పేరున్న సిరక్యూస్ పునీతురాలి వల్ల, ఎవుస్కియా ఫలకంలోని పండుగ ఆమెదే. డయోక్లీషియన్ అనే రోమన్ చక్రవర్తి క్రైస్తవులను వేటాడిన కాలంలో, 304లో ఆమె ప్రాణాలు విడిచిందని సంప్రదాయం.

పేరు పాకుతున్నకొద్దీ క మెత్తబడింది. క పలకాలంటే నాలుక వెనకభాగం అంగిలికి తగలాలి. ఇ పలకాలంటే నాలుక ముందుభాగం పైకి లేవాలి. 'కి' అనేటప్పుడు నాలుక రాబోయే ఇ కోసం ముందే సర్దుకుంటుంది, దాంతో క కూడా ముందుకు జరుగుతుంది. తరాలు గడిచేసరికి అది వేరే హల్లుగా మారిపోతుంది. ఇటలీలో లుచీయా అయింది, ఫ్రాన్సులో లూసీ. జర్మన్లకు లూత్సియా. స్పెయిన్‌లో చాలామంది నాలుక కొసను పళ్ల మధ్య పెట్టి ఆ హల్లు పలుకుతారు. పోలండువాళ్లయితే మొదటి ల కూడా మిగల్చలేదు, వూత్సియా అంటారు. ఇంగ్లీషువాళ్లు తెచ్చుకున్నది ఫ్రెంచి రూపం, మనం తెచ్చుకున్నది ఇంగ్లీషువాళ్ల దగ్గర్నుంచి.

ఇదంతా ఎక్కడో యూరప్ గొడవ అనుకోకండి. కన్నడిగులు కివి అంటే మనం చెవి అంటాం. వాళ్ల కిరునగె మన చిరునగవు. పాత ద్రావిడ కకారాన్ని కన్నడం అలాగే దాచుకుంది. తెలుగు నాలుక ఇటాలియన్ల నాలుకలాగే ఇ, ఎ ల ముందు దాన్ని చ చేసింది.

ఆ పునీతురాలి పేరున స్వీడన్‌లో డిసెంబరు 13న లూసియా పండుగ. తెల్లగౌను వేసుకున్న అమ్మాయి తలమీద కొవ్వొత్తుల కిరీటంతో చీకట్లోంచి నడిచి వస్తుంది. వెలుగు పండుగ ఏడాదిలో అతి పొడవైన రాత్రినాడు ఉండాలి, అది డిసెంబరు 21 ప్రాంతంలో కదా, మరి పండుగ 13న ఎందుకంటారా? పాత జూలియన్ క్యాలెండరు ఏడాదికి సుమారు 11 నిమిషాలు ఎక్కువ లెక్కపెట్టేది. 128 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. అలా జరిగి జరిగి 14వ శతాబ్దానికి పొడవైన రాత్రి 13వ తేదీ దగ్గరకు వచ్చింది. 1753లో స్వీడన్ క్యాలెండరు మార్చుకున్నా పండుగ తేదీ మాత్రం కదల్లేదు. పండుగల తేదీలు పంచాంగకర్తల మాట అంత త్వరగా వినవు!

ఇక లుక్స్ ఎక్కడిది? లాటిన్, గ్రీకు, సంస్కృతం ఒకే పూర్వభాష నుంచి చీలినవి. వెలుగుకు ఆ పూర్వభాషలో 'లెఉక్' అనే ధాతువు ఉండేదని భాషాశాస్త్రవేత్తలు లెక్కగట్టారు. గ్రీకులో తెలుపును లెఉకోస్ అన్నారు, లుకేమియా జబ్బు పేరు అందులోంచే పుట్టింది. సంస్కృతంలో ల స్థానంలో ర వచ్చి రుచ్ అయింది, అంటే ప్రకాశించడం. రుచి అంటే మొదట కాంతే. తర్వాత ఇష్టమైంది, ఆ తర్వాతే నాలుకకెక్కింది. ఇక్కడా ఇ పక్కన క నిలవలేదు, చ అయింది.

అదే ధాతువుకు 'మ' చేరితే రుక్మం, మెరిసే బంగారం. క తర్వాత ఇ లేదు, మ ఉంది. నాలుకకు ముందుకు జరగాల్సిన పని పడలేదు. లూసీ పోగొట్టుకున్న ఆ క రుక్మిణి పేరులో ఇప్పటికీ పలుకుతోంది.