సున్నా కిలోమీటర్ల రోజు

పది రోజులు కొండలెక్కి దిగి వచ్చిన మనిషి ఊళ్లో లాడ్జి మెట్లు దిగలేక అవస్థ పడుతుంటాడు. రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టుకీ మూలుగుతాడు. నిన్న సాయంత్రం దాకా పన్నెండు కిలోల సంచీతో పాతిక కిలోమీటర్లు నడిచిన కాళ్లే ఇవి. ఇవాళ సెలవు ఇచ్చాక మొరాయిస్తున్నాయి.

అమెరికాలో దాదాపు 3,500 కిలోమీటర్ల అప్పలాచియన్ ట్రెయిల్, 4,265 కిలోమీటర్ల పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ లాంటి దారుల్ని ఒకే విడతలో నడిచేవాళ్లు ఈ సెలవుని ‘జీరో’ అంటారు, ఆ రోజు దారి మీద సాగిన దూరం సున్నా కాబట్టి. పొద్దున్నే నాలుగైదు కిలోమీటర్లు నడిచి ఊరు చేరి అక్కడే ఆగిపోతే అది ‘నీరో’. రోమ్ తగలబడుతుంటే ఫిడేలు వాయించాడని చెప్పుకునే చక్రవర్తికీ దీనికీ సంబంధం లేదు. ‘నియర్ జీరో’ని కుదిస్తే వచ్చిన మాట.

దూరం సున్నా అయినా ఒంట్లో పని ఆగదు. కాకపోతే ఆ పని అన్ని భాగాల్లో ఒకే వేగంతో సాగదు. చిక్కంతా అక్కడే.

మెట్ల సంగతి ముందు చూద్దాం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు కండరం దెబ్బతింటుంది. దిగుడులో తొడ ముందు కండరాలు బ్రేకుల్లా పనిచేస్తాయి. బిగుసుకుని ఉంటూనే సాగాల్సి రావడంతో వాటి పోగుల్లో కంటికి కనపడనంత చిన్న చిరుగులు పడతాయి. వాటిని బాగుచేసే క్రమంలో వాపు, నొప్పి మొదలై ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతాయి. లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోవడం వల్లే ఈ నొప్పులని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. నడక ఆపిన గంటా రెండు గంటల్లో అది రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పికి దాన్ని తిట్టడం అన్యాయం. కండరం లోపలి చిరుగులే కారణం కావచ్చని థియొడోర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. ఇలా ఒకసారి దెబ్బతిని కోలుకున్న కండరం మళ్లీ అంత తేలిగ్గా దెబ్బతినదు కాబట్టి మెట్ల బాధ ఎక్కువగా మొదటి ఊళ్లలోనే.

ఇక ఇంధనం. కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో మరో 100 గ్రాముల దాకా గ్లైకోజెన్ (తిన్న పిండిపదార్థాన్ని ఒళ్లు దాచుకునే రూపం) నిల్వ ఉంటుంది. వరసగా నడిచే రోజుల్లో ఈ నిల్వ అడుగంటుతూ వస్తుంది. పిండిపదార్థాలు కడుపునిండా తిని కూర్చుంటే ఒక్క రోజులో చాలావరకు నిండుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. జీరో మర్నాడు తూకం కిలోకి పైగా పెరిగితే అది కొవ్వేమో అని టెన్షన్ పడక్కర్లేదు.

తిండి విషయంలో జీరోకి ఇంకో లెక్క ఉంది, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది అదే. 2015లో కొందరు పరుగువీరులు కాలిఫోర్నియా నుంచి రాజధాని వాషింగ్టన్ డీసీ దాకా వారానికి ఆరు మారథాన్ల చొప్పున, 140 రోజుల పాటు పరిగెత్తారు. హెర్మన్ పాంట్జర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం వాళ్ల శక్తి ఖర్చుని కొలిచి 2019లో ఫలితాలు ప్రచురించింది. నెలల తరబడి సాగే శ్రమలో, ఊరికే పడుకున్నా ఖర్చయ్యే శక్తికి సుమారు రెండున్నర రెట్లే మనిషి భరించగల హద్దు అని తేల్చింది. ఆ హద్దుని గీసేది కాళ్లు కాదు, జీర్ణవ్యవస్థ అని వాళ్ల అంచనా. అంతకు మించిన శక్తిని పేగులు తిండి నుంచి లాగలేవు. పడుకుంటే 1,600 కేలరీలు ఖర్చయ్యే మనిషికి ఈ హద్దు 4,000. కొండ దారిలో రోజుకి 5,000 ఖర్చు చేస్తే మిగతా వెయ్యీ సొంత ఒంట్లోంచి తియ్యాల్సిందే. పైగా సంచీలో పట్టే తిండి ఆ 4,000కి కూడా సరిపోదు.

జీరో రోజున లెక్క తిరగబడుతుంది. ఖర్చు సగానికి పడిపోతుంది, పేగులు మాత్రం అదే జోరు మీద ఉంటాయి. కొవ్వు తగ్గేకొద్దీ, ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ హార్మోన్ కూడా తగ్గిపోయి ఉంటుంది. అందుకే నలుగురి భోజనం ఒక్కడే తిని మళ్లీ మెనూ అడిగే వాళ్లని చూసి హోటల్ వాళ్లు నోరెళ్లబెడతారు. ఇది కక్కుర్తి కాదు, బాకీ వసూలు.

ఇంధనం, తిండి ఒక రోజుతో చాలావరకు అయ్యే పనులు. బొబ్బల విషయంలో అప్పుడే సగం లెక్క తప్పుతుంది: 24 గంటలకి బొబ్బ అడుగున కొత్త కణాలు జోరుగా పుడుతుంటాయి గానీ, గట్టి పైపొర రావడానికి ఐదు రోజులు పడుతుంది. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్లు ఇంకా మొండివి. మడమ వెనక చేతికి తగిలే లావాటి తాడు అలాంటిదే. గట్టి శ్రమ తర్వాత మొదటి 24 నుంచి 36 గంటలు అందులో కొలాజెన్ (టెండన్‌కి బలాన్నిచ్చే ప్రొటీన్) తయారయ్యే దానికన్నా విరిగిపోయేదే ఎక్కువ. లాభం ఆ తర్వాతే మొదలవుతుంది. అంటే సరిగ్గా ఒక్క రోజు ఆగి బయల్దేరితే, మరమ్మతు మొదలవుతుండగా పనివాళ్లని పంపేసినట్టు.

ఎముకలది మరీ నెలల వ్యవహారం. పాత ఎముకని తొలిచే కణాలు ముందు వస్తాయి, వాటికి మూడు వారాలు; ఆ ఖాళీని పూడ్చడానికి మూడు నెలలు. ఆ మధ్య కాలంలో ఎముక ముందుకన్నా బలహీనంగా ఉంటుంది. ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు 1855లో, కవాతు చేసే సైనికుల పాదాల్లో వచ్చే వాపుని వర్ణించాడు. అది సన్నటి పగులు అని ఎక్స్-రేలు వచ్చాకే తెలిసింది. పాదంలో ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా నొప్పి ఉంటే దానికి జీరో మందు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నిద్ర సరే, మెత్తటి పరుపు దొరికింది కదా అంటారా? కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగం కన్నా తేలిగ్గా నిద్రపోతూ కాపలా కాస్తుందని బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో చూపించారు. రోజుకో చోట గుడారం వేసే మనిషికి ప్రతి రాత్రీ మొదటి రాత్రే అనుకోండి.

అసలు ఊళ్లో విశ్రాంతి అనేది చాలాసార్లు పేరుకే. బట్టలు ఉతకాలి, వారం సరుకులు కొనాలి, ఫోన్ ఛార్జింగ్ పెట్టాలి, పోస్టాఫీసులో నిలబడాలి. సాయంత్రానికి ఏడెనిమిది కిలోమీటర్లు సిమెంటు మీద తిరిగి ఉంటారు. నడకదారుల హాస్టళ్లలో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ బెడద కూడా ఉంది. దానికి చేతులకి రాసుకునే జెల్ పెద్దగా పనిచేయదు, సబ్బూ నీళ్లూ కావాలి. ఇవన్నీ చూస్తే ఒక జీరో కన్నా రెండు నీరోలే నయమని నాకనిపిస్తుంది: మధ్యాహ్నం లోపు ఊరు చేరి, పనులన్నీ ఆ పూటే ముగించుకుని, రాత్రి నిద్రపోయి, మర్నాడు మధ్యాహ్నం బయల్దేరడం. టెండన్ మూలుగుతుంటే మాత్రం ఒకటి కాదు, వరసగా రెండు జీరోలు.

బయల్దేరే పూట ఇంకో ఇబ్బంది ఉంది. ఊళ్లు సాధారణంగా లోయల్లో ఉంటాయి, దారి కొండ మీద. ఆరు రోజుల తిండి అంటే దాదాపు ఐదు కిలోలు. మొత్తం విడతలో సంచీ అన్నిటికన్నా బరువుగా ఉండేది ఆ పూటే, ఎదురయ్యేది ఎక్కుడే. బిగుసుకున్న పిక్కలతో, నిండు కడుపుతో ఎక్కాలి. అనుభవం ఉన్నవాళ్లు ఆ రోజుకి ఎనిమిది, పది కిలోమీటర్లకి మించి పెట్టుకోరు.