భూపాలపల్లిలో కిరాయి ఇల్లు: రోజూ వినే అపోహలు, అసలు ముచ్చట

పన్నెండేండ్ల సంది భూపాలపల్లిలో కిరాయి ఇండ్లు చూపిస్తున్న. ఫోన్ ఎత్తంగనే "అన్నా, తక్కువల ఏమన్న ఉన్నదా" అంటరు, ఆ తక్కువ అన్నకాడనే సగం మంది మోసపోతరు.

అపోహ: ఆప్‌ల కనపడలేదంటే ఊర్ల ఇల్లు ఖాళీ లేనట్టే.
వాస్తవం: ఇక్కడ ఓనర్లు ఎక్కువమంది సింగరేణిల రిటైరైనోళ్లు, ఫోటోలు తీసి ఆప్‌ల పెట్టే ఓపిక వాళ్లకెక్కడిది? గేటుకు ఒక అట్టముక్క కడ్తరు, లేకపోతే కిరాణా షాపాయనకు చెప్పి ఊకుంటరు. సుభాష్ కాలనీ, మంజూర్‌నగర్ గల్లీలల్ల పొద్దుగాల ఒక గంట బండి మీద తిరిగితే నా కమీషన్ కూడా మీకే మిగుల్తది (నా పొట్ట నేనే కొట్టుకుంటున్న అనుకోండ్రి).

అపోహ: సింగరేణి క్వార్టర్ పట్టుకుంటే అగ్గువ.
వాస్తవం: అగ్గువనే, కానీ క్వార్టర్ కంపెనీది, అందుల ఉండే ఎంప్లాయ్ దాన్ని ఇంకొకలకు కిరాయికిచ్చుడు రూల్‌కు విరుద్ధం. చెకింగ్ వచ్చిన్నాడు సామాను బయట పడేది మీది, చేతిల ఒక్క కాగితం ఉండదు, ఇచ్చిన అడ్వాన్స్ ఎవరిని అడుగుతరు?

అపోహ: ఫ్రీ కరెంటు ఓనర్‌కే, కిరాయిదార్లకు రాదు.
వాస్తవం: దీని మీదనే రోజుకు రెండు పంచాయితీలు. 2024ల మొదలైన గృహజ్యోతి (సర్కారు ఫ్రీ కరెంటు స్కీము) కిరాయికుండేటోళ్లకు కూడా ఉన్నది, తెల్లరేషన్ కార్డు ఉండాలె, మీరుండే పోర్షన్ మీటర్ నంబర్ అప్లికేషన్‌ల ఉండాలె. అసలు తిరకాసు ఏందంటే నెలకు 200 యూనిట్లు దాటితే పైన దాటినకాడికే కాదు, మొత్తం బిల్లు కట్టాలె. కింద ఓనరు పైన మీరు ఇద్దరికీ ఒకటే మీటరుంటే ఎండాకాలంల కూలర్లకే 200 దాటుతది, ఇగ "సబ్ మీటర్ పెట్టిన కదా" అని ఆయన యూనిట్‌కింత అని మీదగ్గర వసూలు చేస్తడు. అందుకే వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే సపరేట్ మీటర్ ఉన్నది తీసుకోండ్రి అని చెప్త, వినరు, మే నెలల మళ్ల నాకే ఫోన్ చేస్తరు.

అపోహ: 11 నెలల అగ్రిమెంట్ అంటే 11 నెలలకు ఎల్లగొడ్తరు.
వాస్తవం: కాదు. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ అని 1908 రిజిస్ట్రేషన్ చట్టంల ఉండె, ఆ తిప్పల ఎందుకని 11 రాసుకునుడు అలవాటైంది, గంతే. మన దిక్కు 1999 సవరణ సంది చట్టం ప్రకారం ఏ లీజైనా రిజిస్ట్రేషన్ చెయ్యాలె. మీరు సూడాల్సింది అడ్వాన్స్ ఎన్నొద్దులల్ల వాపస్ ఇస్తరు, సున్నం పైసలు ఎవరియి అనేది. పోయినేడు ఒకాయన సున్నం పేరు మీద అడ్వాన్స్ మొత్తం మింగిండు, రాతల లేదాయె, నేను మధ్యల నిలబడి మాట పడ్డ.

అపోహ: ఆషాఢంల ఇల్లు చూడొద్దు.
వాస్తవం: దిగొద్దంటే సరే, చూడొద్దని ఎవరన్నరు? జూన్‌ల బడులు తెరిచేటప్పుడు ఎగబడ్తరు, ఓనర్ రూపాయి తగ్గడు. ఆషాఢంల ఎవ్వరు రారు, తాళమేసి ఉన్న ఇంటికి అప్పుడు బేరం ఆడితే తగ్గుతరు. రేటు తెంపి అడ్వాన్స్ ఇచ్చి, పాలు పొంగిచ్చుడు శ్రావణంల పెట్టుకుంట, కిరాయి ఆడికెల్లి లెక్క కడ్త అని అడగండ్రి, నా చేతిమీద చానామంది ఒప్పుకున్నరు.

ఓపెన్‌కాస్ట్ (పైకెల్లి తవ్వే బొగ్గు గని) దిక్కు అగ్గువ ఇల్లు దొరికితే మాత్రం బ్లాస్టింగ్ టైంకే పోయి చూడండ్రి. కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే ఇల్లు ఎంత అదురుతదో తెలుస్తది.