లిథియం వాడే పెద్దవాళ్లు: ఉప్పు, ఎండ, నొప్పి బిళ్లలు

చేతులు వణుకుతున్నాయి, నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషిలో ఇవి కనిపిస్తే వయసు మీద పడిందనుకుంటారు. ఆ మనిషి మానసిక జబ్బుకు లిథియం వాడుతుంటే ముందు అనుమానించాల్సింది మందునే.

ఈ ప్రమాదం మందుతోపాటే బయటపడింది. ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించారు. అదే ఏడాది అమెరికాలో, గుండె జబ్బులవాళ్లకు ఉప్పుకు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడ్ తిని కొందరు చనిపోయారు. ఒంట్లో ఉప్పులోని సోడియం తగ్గితే మూత్రపిండాలు దాంతోపాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. రక్తంలో లిథియం ఎంతుందో కొలుచుకుంటూ వాడడం వచ్చాకే మందు నిలదొక్కుకుంది. అమెరికా అనుమతి 1970లో గానీ రాలేదు.

మానసిక వైద్యం ఒకప్పుడు ఊళ్లకు దూరంగా ఉండేది. నెల్లూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. కనిగిరి, పొదిలి, కందుకూరు అప్పుడు ఆ జిల్లావే. దగ్గర్లోని పెద్ద మానసిక ఆసుపత్రి మద్రాసు కీల్పాక్‌లో ఉండేది. వైద్యాన్ని ఊళ్ల దగ్గరికి తేవాలని 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం మొదలయ్యాయి. చాలా మంచి మార్పు. అయితే వార్డులో నర్సు కనిపెట్టి చూసే తిండి, నీళ్లు, మూత్రం ఇంట్లో ఎవరి లెక్కలోకీ రావు.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినవాళ్లకు నొప్పి బిళ్ల నిత్యావసరం. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. బీపీకి ఇచ్చే ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా అంతే. బీపీ అనగానే కొందరు ఒక్కసారిగా చప్పిడి తిండికి దిగుతారు. వీటికి మే నెల చెమట, రెండు రోజుల విరేచనాలు తోడైతే నిన్నటిదాకా సరిపోయిన మోతాదే విషమవుతుంది.

కాబట్టి నర్సు మొదట అడగాల్సింది: ఈమధ్య కొత్త బిళ్ల ఏదైనా చేరిందా, ఉప్పు తగ్గించారా? రక్తం రాత్రి మోతాదు పడిన 12 గంటలకు, పొద్దుటి బిళ్ల మింగకముందే తీయాలి. పచ్చమూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే లిథియం హెపారిన్ ఉంటుంది, అందులో తీస్తే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, ఎర్రమూతది వాడాలి. వయసు మళ్లినవాళ్లకు సాధారణంగా రక్తంలో లీటరుకు 0.4–0.8 మిల్లీమోల్ చాలు. అంకె హద్దులో ఉన్నా వాళ్లలో విషలక్షణాలు రావచ్చు, రిపోర్టు బాగుందని తూలుతున్న మనిషిని ఇంటికి పంపకూడదు. మోతాదు మార్చాక 5–7 రోజులకు, కుదురుకున్నాక 3 నెలలకోసారి రక్తం చూడాలి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ 6 నెలలకోసారి. వాంతులు, విరేచనాలు మొదలైతే తర్వాతి బిళ్ల వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి రమ్మని మందుల చీటీ మీద తెలుగులో రాసివ్వాలి.