గడ్డ మీద రిసెప్టర్లను లెక్కపెట్టడం ఎలా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక పైపొర ఉంటుందని మీరు బడిలో చదువుకునే ఉంటారు. ఆ పొరలో గుచ్చుకుని, కొంత బయటికీ కొంత లోపలికీ ఉండే ప్రోటీన్లను రిసెప్టర్లు అంటారు. బయటి కబురును లోపలికి అందించడం వాటి పని. 'పెరుగు, రెండుగా చీలు' అనే కబురు అందించే వాటిలో హెర్2 ఒకటి. మామూలు రొమ్ము కణం మీద ఇవి ఇంచుమించు 20 వేలు ఉంటాయి. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఒక్కో కణం మీద 20 లక్షల దాకా చేరతాయి. హెర్2ను వెతికి పట్టుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందు ఇవ్వాలంటే ముందు ఒక సంగతి తేలాలి: ఈ క్యాన్సర్ గడ్డ మీద హెర్2 ఎంత ఉంది?

సూదితో చిన్న ముక్క తీసి, దానికి రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూసి 0 నుంచి 3 దాకా మార్కు వేస్తారు. ఇది మంచి పరీక్ష, చికిత్స ఇప్పటికీ దీని మీదే నిర్ణయిస్తారు. అయితే ఆ ముక్క ఒక్క చోటిది, ఒక్క రోజుది. ఎముకలోనో కాలేయంలోనో ఉన్న మరో గడ్డ సంగతి అది చెప్పలేదు.

అందుకని ట్రాస్టుజుమాబ్‌కే జిర్కోనియం-89 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలించి రక్తంలోకి ఎక్కిస్తారు. మందు అణువు పెద్దది, గడ్డలోకి చేరడానికి రోజులు పడుతుంది. జిర్కోనియం సగానికి తగ్గడానికి సుమారు 78 గంటలు పడుతుంది కాబట్టి, నాలుగు రోజులు ఆగి స్కాన్ తీసినా సరిపడా మిగిలి ఉంటుంది. దాని నుంచి వెలువడిన పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే ధనావేశం ఉన్నది) దగ్గర్లోని ఎలక్ట్రాన్‌ను తాకుతుంది. రెండూ మాయమై, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. మనిషి చుట్టూ వలయంలా అమర్చిన గ్రాహక యంత్రాల్లో రెండు ఒకే క్షణంలో స్పందిస్తే, ఆ రెండింటినీ కలిపే గీత మీదే ఎక్కడో మందు ఉందన్నమాట. అలాంటి గీతలు లక్షల కొద్దీ పోగుచేసి కంప్యూటరు బొమ్మ గీస్తుంది. పెట్ స్కాన్ అంటే ఇదే.

బెల్జియం, నెదర్లాండ్స్ వైద్యులు ఇలా 56 మందిని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. అందరూ ముక్క పరీక్షలో హెర్2 ఉందని తేలినవాళ్లే. అయినా 29 శాతం మందిలో గడ్డలు స్కాన్‌లో వెలగలేదు, వెలిగినా అంతంతమాత్రమే. ఇంకొందరిలో ఒకే ఒంట్లో కొన్ని గడ్డలు వెలిగాయి, కొన్ని వెలగలేదు. ఈ ఫలితం చదివితే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వెలగని గడ్డ ఉన్న ప్రతి మనిషి వెనుకా ఒక ఇల్లు ఉంది కదా!

మరి బాగా వెలిగితే రిసెప్టర్లు బాగా ఉన్నట్టేనా? ఇక్కడ తొందరపడకూడదు. గడ్డలోని రక్తనాళాలు సరిగ్గా అల్లుకోవు, కారుతుంటాయి. కారినది బయటికి పోయే దారి కూడా సరిగా ఉండదు. దేన్నీ పట్టుకోని మందు సైతం అక్కడ నిలవ ఉంటుంది. చేనుగట్టున నడిచి వస్తే లంగా అంచుకు దుమ్మూ అంటుతుంది, ఉత్తరేణి గింజలూ అంటుతాయి. దులిపితే దుమ్ము రాలుతుంది, గింజలు రాలవు. మనకు గింజల లెక్క కావాలి, దుమ్ముతో కలిసిన లెక్క కాదు.

అమెరికాలోని డార్ట్‌మత్‌లో టిచౌర్, పోగ్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ల బృందం ఎలుకల మీద ఒక పద్ధతిని పరీక్షించారు. రెండు మెరిసే రంగు మందులు ఒకేసారి ఎక్కిస్తారు. ఒకటి రిసెప్టర్‌ను పట్టుకునేది. రెండోది రక్తంలో దాదాపు అలాగే తిరుగుతుంది, అలాగే కారుతుంది, కానీ దేన్నీ పట్టుకోదు. రెండింటి వెలుగునూ మొదట్లోనే ఒకే కొలతకు తెచ్చుకుని, తర్వాత గడ్డలో చూస్తారు. మొదటిది 9, రెండోది 3 అనుకోండి. 9 లోంచి 3 తీసేస్తే 6, దాన్ని 3తో భాగిస్తే 2. ఇంకో గడ్డలో మొదటిది అదే 9, రెండోది 8 వచ్చిందనుకోండి. 1ని 8తో భాగిస్తే 0.125. మొదటి మందును మాత్రమే చూస్తే రెండు గడ్డలూ ఒకేలా వెలిగాయి, రిసెప్టర్ల లెక్కలో మాత్రం ఎంతో తేడా! ఇంత చిన్న తీసివేత, భాగహారంతో ఇంత పెద్ద సంగతి బయటపడటం నాకెప్పుడూ అబ్బురమే.

ఈ ఉపాయాన్ని పెట్ స్కాన్‌లో నేరుగా వాడలేరు. మెరిసే మందులకు వేర్వేరు రంగులుంటాయి, కెమెరా వాటిని విడదీస్తుంది. పాజిట్రాన్ ఏ పరమాణువు నుంచి వచ్చినా దాని కిరణాలకు ఒకటే శక్తి, 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు మందులు కలిపి ఎక్కిస్తే ఏది ఎవరిదో తెలియదు. రంగు వెలుగేమో చర్మం కింద కొద్ది లోతు దాటి రాలేదు, అందుకే ఆపరేషన్‌లో తెరిచిన చోట, పైపై గడ్డల దగ్గరే దానికి బలం. లోతున ఉన్నవాటికి ఒకే మందును గంటలు, రోజుల తేడాతో మళ్లీ మళ్లీ స్కాన్ తీసి, రక్తంలో అది తగ్గే వేగంతో పోల్చి, ఎంత అంటుకుని ఉందో లెక్క కడతారు. కాలేయం దగ్గర అదీ కష్టమే. ట్రాస్టుజుమాబ్ లాంటి పెద్ద అణువులు అక్కడే ఎక్కువగా చేరి విరుగుతాయి కాబట్టి, గడ్డ లేకపోయినా కాలేయం వెలుగుతూనే ఉంటుంది.

మీ
తాతయ్య