సూపరింటెండెంట్‌కి మార్కులు వేసేదెవరు?

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు ముందు స్కూల్ రేటింగ్ చూస్తారు. ఆ జిల్లా స్కూళ్ళన్నిటినీ నడిపే సూపరింటెండెంట్ సరిగ్గా పనిచేస్తున్నారా లేదా అన్నది ఎవరు తేలుస్తారో మాత్రం అడగరు. మన డీఈఓని ప్రభుత్వం వేస్తుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. అక్కడ చాలా చోట్ల జనం ఓట్లేసి గెలిపించిన స్కూల్ బోర్డే సూపరింటెండెంట్‌ని కాంట్రాక్టు మీద పెట్టుకుని, పనితీరు చూసి ఉంచాలో పంపాలో నిర్ణయిస్తుంది.

ఈ పదవి 1837లో బఫెలో, లూయివిల్ నగరాల్లో మొదలైంది. పరీక్షల లెక్కలకు అసలు బలం వచ్చింది మాత్రం 2002లో, 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టంతో. 3 నుంచి 8 తరగతుల పిల్లలకు ఏటా పరీక్షలు తప్పనిసరయ్యాక బోర్డుల చేతికి ఒక అంకె దొరికింది, దాన్ని పట్టుకుని కొలవడం తేలికైపోయింది.

దాని ఫలితం అట్లాంటాలో కనిపించింది. 1999లో సూపరింటెండెంట్‌గా వచ్చిన బెవర్లీ హాల్ ప్రతి స్కూలుకీ స్కోర్ల టార్గెట్లు పెట్టారు, అవి అందుకున్న స్కూళ్ళ టీచర్లను ఏటా జార్జియా డోమ్ స్టేడియంలో మైదానం మీద కూర్చోబెట్టేవారు, మిగతావాళ్ళు పైన గ్యాలరీల్లో. ఆమెకు 5 లక్షల డాలర్లకు పైగా బోనసులు వచ్చాయి, 2009లో దేశంలోనే ఉత్తమ సూపరింటెండెంట్ అన్నారు. 2011లో రాష్ట్ర దర్యాప్తు నివేదిక వచ్చింది: పరిశీలించిన 56 స్కూళ్ళలో 44 చోట్ల మోసం జరిగింది, టీచర్లే పిల్లల తప్పు జవాబులు చెరిపి దిద్దారు. తనకేమీ తెలియదన్న హాల్, 2015లో తన కేసు కోర్టు విచారణకు రాకముందే కేన్సర్‌తో చనిపోయారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ పిల్లల సంగతి, చదవడం రాకపోయినా పాసైనట్టు కాగితం మీద ఉండబట్టి వాళ్ళకు అందాల్సిన సాయం అందలేదు.

అయినా అంకెల మీద మోజు వెంటనే పోలేదు. మిషిగన్‌లో సూపరింటెండెంట్ మూల్యాంకనంలో విద్యార్థుల ప్రగతి వాటా 40 శాతం దాకా వెళ్ళి, 2024లో 20కి దిగింది.

ఇంకో తేడా, తలుపులు. కాలిఫోర్నియాలో బోర్డు సూపరింటెండెంట్ పనితీరు మీద చర్చ మూసిన గదిలో జరుపుకోవచ్చు. మసాచుసెట్స్‌లో చట్టం ప్రకారం అందరి ముందే జరగాలి. 2018లో అక్కడి అత్యున్నత కోర్టు, వేలాండ్ ఊరి పాలకమండలి తమ టౌన్ అడ్మినిస్ట్రేటర్ (ఊరి పాలన పనులు చూసే ఉద్యోగి) పనితీరుపై సభ్యులు రాసిన అభిప్రాయాలను మీటింగుకు ముందే తమలో తాము ఈమెయిల్లో పంచుకోవడం కూడా తప్పేనని చెప్పింది. స్కూల్ కమిటీలకూ (అక్కడ స్కూల్ బోర్డుల్ని అలా అంటారు) అదే చట్టం.