కథను తేల్చకుండ ఆపుడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండల ఉంటూ కథలు రాస్త, కొత్తగ రాసేటోళ్ల డ్రాఫ్టులు కూడ చూసిపెడ్త. అందరు అడిగేది ఓపెన్ ఎండింగ్ గురించే, అంటే కథను తేల్చకుండ ఆపుడు గురించి, కాబట్టి ఒక్కసారే రాస్తున్న.

అపోహ: ముగింపు దొరకకపోతే ఓపెన్ ఎండింగ్ అని వదిలేయొచ్చు.

వాస్తవం: ఈ తప్పు నేనే చేసిన. కాజీపేట జంక్షన్ల రాత్రి పదకొండింటికి ఒకామె బెంచీ మీద కూసుంటది, ఫోన్ మోగుతది, కథ ఐపోతది. చదివిన దోస్తు "ఆఖరి పేజీ పంపుడు మర్చిపోయినవా అన్నా" అన్నడు. ఫోన్ ఎవరు చేసిన్రో నాకే తెల్వదు మరి! మళ్ల రాసినప్పుడు కలిపింది రెండే ముక్కలు, ఫోన్ల "అమ్మ" అని పడుతది, ఆమె చేతిల టికెట్లు రెండుంటయ్, ఒకటి సికింద్రాబాద్‌కు, ఇంకోటి ఇంటికి, పెద్దపల్లికి. ఆపింది అదే జాగల, కానీ ఈసారి పేజీ ఎవ్వలు అడగలే, ఏ బండెక్కుతదని ఇద్దరు నా ముందట్నే కొట్లాడుకున్నరు. దాచేది ఒక్కటే ఉండాలె, మిగతాదంత చదివేటోళ్ల చేతిల పెట్టాలె.

అపోహ: సశేషం, ఓపెన్ ఎండింగ్ ఒక్కటే.

సీరియల్ కింద సశేషం అని వేస్తే అది బాకీ, వచ్చేవారం తీర్చాల్సిందే. కట్టప్ప ఎందుకు చంపిండని 2015 నుంచి 2017 దాక ఆగినం, జవాబొచ్చింది, బాకీ తీరింది. నా కాజీపేట కథకు రెండో భాగం లేదు.

అపోహ: ఇది ఇంగ్లీషోళ్ల దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి.

మన బేతాళుడు ఏం చేసిండు మరి? ప్రతి కథకు ప్రశ్న అడుగుడు, విక్రమార్కుడు జవాబు చెప్పుడు, శవం మళ్ల చెట్టెక్కుడు. ఆఖరి కథల ఒక తండ్రీకొడుకులకు వేరే ఇంటి తల్లీబిడ్డలు ఎదురైతరు, తండ్రి ఆ బిడ్డను, కొడుకు ఆ తల్లిని చేసుకుంటరు, వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమైతరు? రాజు నోరెత్తలే. అంత పెద్ద కథ నడిచింది ఆ ఒక్క జవాబులేని ప్రశ్న కాడికి వచ్చుటానికే అనిపిస్తది నాకు.

అపోహ: సగంల ఆపితే జనం మర్చిపోరు, సైన్సే చెప్పింది.

1927ల జైగార్నిక్ అనే ఆమె చేసిన ప్రయోగం గురించి అంటరు గిట్ల. ఆమె మనుషులకు ఇచ్చి సగంల ఆపించింది చిన్న చిన్న పనులు, కథలు కాదు, తర్వాత వేరేటోళ్లు చేస్తే అందరికీ అదే ఫలితం రాలే కూడ.

అపోహ: ఏమైతదో ముందే తెలిస్తే సస్పెన్స్ ఉండదు.

సంక్రాంతికి ఐలోని (ఐనవోలు) మల్లన్న జాతరకు పోయి ఒగ్గుకథ కాడ కూసోండ్రి. మల్లన్న కథ తెల్వనోళ్లు ఆడ ఎవరుంటరు? అయినా కథకుడు ఆపి, డోలు మోగంగనే, ఒళ్లె పిల్లగాడు నిద్రపోతున్నా సరే, పక్కనున్న అవ్వ "మరి గప్పుడేమాయె?" అంటనే ఉంటది.