చావింట్లో రేటు అడగొచ్చు: అంత్యక్రియల ఖర్చు మీద అపోహలు - వాస్తవాలు

"ఎంతైనా పర్లేదండీ, ముందు మీరు బయల్దేరండి."

అంతిమయాత్ర సర్వీసు నడిపే మా లాంటి వాళ్లకి వచ్చే ఫోన్లలో చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. ఫ్రీజర్ బాక్సు, వైకుంఠ రథం, పాడె సామాను, కట్టెలు, మోసే మనుషులు, ఏది కావాలన్నా మేం చూస్తాం. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో తిరుగుతుంటాను. "ఎంతైనా పర్లేదు" అని వినపడగానే నాకు ఆ ఇంటి మీద బెంగ పుడుతుంది. ఎందుకంటే ఆ మాట అనే మనిషి ఒకరు, డబ్బు కట్టే మనిషి ఇంకొకరు. ఫోన్ చేసేది అల్లుడో, మేనల్లుడో, పక్కింటాయనో. తర్వాత వడ్డీకి తెచ్చేది ఆ ఇంటి కొడుకు, లేదంటే మొగుణ్ని పోగొట్టుకున్న ఆవిడ.

అపోహ: శవాన్ని ఇంట్లో పెట్టుకుని ధర అడగకూడదు. బేరమాడితే పోయినవాళ్లని తక్కువ చేసినట్టు.

వాస్తవం: జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మిగతా అపోహలన్నీ కలిపినా దీని ముందు చిన్నవే. ధర అడగొద్దని ఏ పురోహితుడు గానీ, పాస్టరు గారు గానీ, మౌల్వీ సాబు గానీ నాతో ఏనాడూ అనలేదు. అనేది చుట్టాలు. అదీ జేబులోంచి రూపాయి తియ్యని చుట్టాలు. ధర అడిగినందుకు ఈ పని చేసేవాడెవడూ కోప్పడడు. కోప్పడ్డాడంటే వాణ్ని పంపేసి ఇంకొకరిని పిలవండి.

అడగడమంటే "మొత్తం ఎంతవుతుంది" అని కాదు. ఆ ప్రశ్నకి ఎవరైనా ఒక గుండు అంకె చెప్పేస్తారు, అందులో ఏముందో, ఏం లేదో తెలియదు. విడివిడిగా అడగాలి.

ఫ్రీజర్ పెట్టె సంగతి తీసుకోండి. రోజు అద్దె అంటారు. రోజంటే 24 గంటలా, తెల్లారితే రెండో రోజు కిందకి వస్తుందా? రాత్రి తొమ్మిదింటికి పెట్టె వస్తే, మర్నాడు పదింటికి పాడె కడితే, రెండు రోజుల అద్దె కట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కరెంటు పోతే జనరేటర్ ఎవరిది, డీజిల్ ఎవరిది? ఇదీ ముందే తేలాలి. ఇంకో మాట: తెల్లవారుజామున పోయిన మనిషికి ఆ సాయంత్రంలోపే కార్యక్రమం అయిపోతుందనుకుంటే, ఎండాకాలం కాకపోతే, చాలా ఇళ్లలో పెట్టె అవసరమే ఉండదు. దూరం నుంచి పిల్లలు రావాలంటేనే కావాలి. నా వ్యాపారం పెట్టెల అద్దెతోనే నడుస్తున్నా ఈ మాట చెబుతూనే ఉంటాను.

బండికి కిలోమీటరు లెక్క. రానూపోనూ రెండు వైపులా కలుపుతారు, అది మామూలే. కానీ వెయిటింగు, రాత్రి బత్తా, టోల్‌గేట్లు విడిగా ఉన్నాయేమో బండెక్కించే ముందే అడగాలి. ఊరు చేరాక అడిగితే ఏం లాభం? ప్రభుత్వ ఆసుపత్రిలో పోయినవాళ్లని ఇంటికి చేర్చడానికి ఆంధ్రాలో మహాప్రస్థానం వాహనాలు, తెలంగాణలో పార్థివ వాహనాలు ఉచితంగా నడుస్తాయి. అన్ని వేళలా వెంటనే దొరక్కపోవచ్చు. అయినా గేటు బయట ఎవడో చెప్పిన రేటుకి తలూపే ముందు లోపలికెళ్లి అడగండి.

కట్టెలు ఇంకా చిక్కు. పెద్దమనిషి చితికి మామూలుగా మూడు నుంచి ఐదు క్వింటాళ్లు పడుతుంది. అమ్మేది బరువుతో. పచ్చి కట్టె బరువెక్కువ తూగుతుంది, సరిగ్గా కాలదు, మధ్యలో మళ్లీ తెప్పించాల్సి వస్తుంది. అంటే నీళ్లకి డబ్బిచ్చి, తర్వాత అసలు కట్టెకి ఇంకోసారి ఇచ్చినట్టు. పెద్దవాళ్లలో ఒకరు అడితికెళ్లి రెండు మొద్దులు ఒకదానికొకటి కొట్టి చూస్తే చాలు. ఎండిన కట్టె ఖణేల్మంటుంది, పచ్చిది మొద్దుగా మోగుతుంది.

ఇక శ్మశానంలో రసీదు ఇచ్చే రుసుము వేరు, పనివాళ్ల చేతికిచ్చేది వేరు. కాటికాపరి కష్టానికి డబ్బివ్వాల్సిందే, అందులో వెనకాడకండి. నిప్పుల సెగలో నిలబడి మన వాళ్లని చివరిదాకా చూసుకునేది ఆయనే. కానీ ఎంతన్నది చితి పేర్చకముందే అనుకోవాలి. కొడుకు కుండ భుజాన పెట్టుకున్నాక బేరం మొదలైతే ఇద్దరికీ గౌరవం కాదు.

నరసరావుపేట వైపు ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. ఇంటాయన గుండెపోటుతో పోయాడు. హైదరాబాదు నుంచి కారులో వస్తూనే పోయినాయన బావగారు నాకు ఫోన్ చేసి పూలరథం, బాణసంచా, రెండు సెట్ల మేళం అన్నీ పురమాయించారు. పెట్టె దింపేసరికి అక్కడ ఇంకో పెట్టె ఉంది, పోయినాయన తమ్ముడు వేరే వాళ్లకి చెప్పాడట. ఇద్దరు ముగ్గురు పెత్తనం చేస్తే జరిగేది ఇదే. నా పెట్టె బండెక్కిస్తుంటే పోయినాయన మరదలు పెరట్లోంచి వచ్చింది. చేతిలో గోడ క్యాలెండరు కాగితం, వెనకవైపు పెన్నుతో గీతలు కొట్టి ఉంది. "అన్నయ్యా, ఏమీ అనుకోవద్దు. మా అక్కకి ఇద్దరు ఆడపిల్లలు. హైదరాబాదు నుంచి ఫోన్ చేసినాయన మీకు ఏమేం చెప్పారో ఒక్కోటీ ఎంతో చెప్పండి" అంది. చెప్పాను. రాసుకుంది. పూలరథం కొట్టేసింది, మామూలు బండి చాలంది. బాణసంచా కొట్టేసింది. మేళం ఒక సెట్టు ఉంచింది, "మా బావకి డప్పంటే ఇష్టం" అని. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు "శవం ముందా ఈ లెక్కలు" అన్నారు. ఆ అమ్మాయి ఆయనతో నెమ్మదిగానే అంది: "లెక్క ఇప్పుడు చూడకపోతే రేపు మా అక్క ఒక్కతే చూసుకోవాలి తాతయ్యా." ఆయన మళ్లీ మాట్లాడలేదు. అంతిమయాత్రలో ఏ లోటూ జరగలేదు, ఊరంతా వెంట నడిచింది.

ప్రతి ఇంట్లో అలాంటి మనిషి ఒకరుండాలి. ఏడుపు కాస్త తట్టుకోగలిగినవాళ్లు, డబ్బెవరిదో తెలిసినవాళ్లు. వాళ్లు ఒప్పుకుంటేనే ఏదైనా పురమాయించాలి.

ఇదే మొహమాటం పెద్దకర్మ దాకా సాగుతుంది. దహనానికైన ఖర్చుకంటే పదకొండో రోజు భోజనాలకి ఎక్కువైన ఇళ్లే నేను చూసినవాటిలో ఎక్కువ. ఎన్ని విస్తళ్లు, ఎన్ని రకాలు అన్నది ఊరి పరువుతో కాదు, ఇంటి పరిస్థితితో తేల్చుకోవాలి. క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞాపకార్థ కూడికలకీ ఇదే వర్తిస్తుంది.

పెట్టెకింత, బండికింత అని నన్నూ అంకెలు రాయమంటారు. రాయను. ఊరూరికీ, కాలాన్నిబట్టి మారతాయి. నేను రాసిన అంకె పట్టుకుని ఎక్కువ తీసుకునేవాడూ ఉంటాడు. మీ ఊళ్లో ఇద్దరిని అడగండి, అరగంట పని.

మిగతా అపోహలు త్వరగా చెబుతాను.

"శ్మశానానికి కూడా 18 శాతం జీఎస్టీ వేశారు." 2022లో వాట్సాప్‌లో మొదలైన పుకారు, ఇంకా తిరుగుతూనే ఉంది. దహనం, ఖననం, మార్చురీ, మృతదేహం తరలింపు జీఎస్టీ చట్టం మూడో షెడ్యూల్లో ఉన్నాయి, వీటికి పన్నే లేదు. 18 శాతం అన్నది శ్మశానవాటికలు కట్టే కాంట్రాక్టు పనులకి. దహనం, తరలింపు లాంటి సేవలకి ఎవరైనా బిల్లులో జీఎస్టీ గీత వేస్తే కట్టకండి. మూడేళ్లు దాటినా ఇంకా దీన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లు, దాన్ని నమ్మి హడలిపోయే ముసలివాళ్లని ఒక్కసారి తలుచుకోవాలి.

"బిల్లు కట్టేదాకా ఆసుపత్రి శవాన్ని ఇవ్వదు." జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ప్రకారం బిల్లు గొడవ పేరు చెప్పి మృతదేహాన్ని ఆపకూడదు. బాకీ బాకీగానే ఉంటుంది, అది వేరే దారిలో వసూలు చేసుకోవాలి. కౌంటర్లో కాదంటే సూపరింటెండెంటుకి రాతపూర్వకంగా ఇవ్వండి, అక్కడా కాకపోతే పోలీసులకి.

"గ్యాసు, కరెంటు దహనంలో అస్థికలు రావు." వస్తాయి. ఒకటి రెండు గంటల్లో చేతికిస్తారు కూడా.

"ఎంబామింగు తప్పనిసరి." అంటే శవం పాడవకుండా మందు ఎక్కించడం. విమానంలో పంపాలంటే అవసరం. పక్క జిల్లాకి బండిలో తీసుకెళ్లడానికి ఎవరైనా అంటగడుతుంటే ఎందుకని అడగండి. గల్ఫ్‌లో పోయినవాళ్ల సంగతి వేరు. అక్కడ యజమాని చేతులెత్తేస్తే, పేద కుటుంబమైతే, భారత రాయబార కార్యాలయంలో భారతీయ సంక్షేమ నిధి ఉంది, మృతదేహాన్ని పంపే ఖర్చు దాన్నుంచి ఇచ్చే వీలుంది. చందాలు వసూలు చేసేముందు అక్కడ అర్జీ పెట్టించండి.

"పూడ్చిన వారంలోనే సమాధి కట్టించెయ్యాలి." వద్దు. తవ్విన మట్టి నెలల తరబడి కుంగుతూ ఉంటుంది. తొందరపడి కట్టిన దిమ్మె ఒక వర్షాకాలం పోయేసరికి పగుళ్లిస్తుంది, మళ్లీ ఖర్చు. పైగా కొన్ని ఉమ్మడి శ్మశానాల్లో పక్కా కట్టడాన్ని ఒప్పుకోరు. కమిటీని అడిగాకే మేస్త్రీని పిలవాలి.

"మాకు ఏ పాలసీ లేదండీ." ఇది విన్నప్పుడల్లా ముందు పాస్‌బుక్ తెమ్మంటాను. మే, జూన్ నెలల్లో 436 రూపాయలు కట్ అయ్యుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ఎలా పోయినా 2 లక్షలు. 20 రూపాయలు కట్ అయ్యుంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఖాతా తెరిచినప్పుడు ఎక్కడో సంతకం పెట్టి మర్చిపోయి ఉంటారు. ఈఎస్ఐ కార్డు ఉన్న మనిషి పోతే అంత్యక్రియల ఖర్చు కిందే 15,000 రూపాయల వరకు వస్తుంది, మూడు నెలల్లో అడగాలి. పీఎఫ్ ఉద్యోగి అయితే దానికి జతగా ఉన్న బీమాలో 7 లక్షల వరకు ఉంటుంది. తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు రైతు పోతే రైతు బీమా 5 లక్షలు. ఇవేవీ ఆ రోజే రావు. కానీ వస్తాయని తెలిస్తే తాలిబొట్టు తాకట్టు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతారు.

పోయినవాళ్ల ఏటీఎం కార్డు తీసుకుని డబ్బు లాగడం మాత్రం వద్దు. పిన్ తెలిసినంత మాత్రాన హక్కు రాదు. రేపు వారసుల మధ్య తగువుకి అదే మొదలవుతుంది. ఇద్దరి పేరు మీదా ఉండి, ఎవరైనా లేదా బతికున్నవాళ్లు తీసుకోవచ్చని రాసున్న ఖాతా అయితే ఇబ్బంది లేదు.

చివరిగా, "మరణ ధృవీకరణ పత్రానికి ఏజెంటు కావాలి." అక్కర్లేదు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే మొదటి పత్రం ఉచితం, చట్టంలోనే ఉంది. ఆసుపత్రిలో పోతే వాళ్లే సమాచారం పంపాలి, ఇంట్లో పోతే ఇంటి పెద్ద చెప్పాలి, పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్నంలో మున్సిపాలిటీకి. 30 రోజులు దాటితే జిల్లా స్థాయి అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు. ఏజెంట్లు బతికేది ఆ ఆలస్యం మీదే. శ్మశానం రసీదు పారెయ్యకండి, నమోదు దగ్గర అడుగుతారు. ఫారంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా బీమా దగ్గరా, బ్యాంకు దగ్గరా కాగితం ఆగిపోతుంది, దాన్ని దిద్దించడానికి మళ్లీ తిరగాలి.